ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆయాసంతో బాధపడే పెద్దవాళ్లున్న ఇంట్లో, ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇంట్లో, జ్వరం, దగ్గు తగ్గక ఎవరైనా మంచం పట్టిన ఇంట్లో వేలికి పెట్టుకునే ఈ చిన్న పరికరం ఇప్పుడు థర్మామీటర్ పక్కనే ఉంటోంది. అది చూపే అంకెకు ఊరికే హడలిపోయేవాళ్లను చూశాను. అంతకంటే ప్రమాదం, అంకె బాగుంది కదా అని ఊపిరాడని మనిషిని ఇంట్లోనే ఉంచేసినవాళ్లనూ చూశాను. ఆ రెండోది ఏ ఇంట్లోనూ జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. మీ మనిషిని స్వయంగా చూసిన డాక్టర్ వేరే హద్దు చెప్పి ఉంటే, ఇక్కడ రాసినదాన్ని పక్కన పెట్టి ఆయన చెప్పిందే పాటించండి.

అసలు ఇది ఏం కొలుస్తుంది?

రెండు కొలుస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో చెప్పేది మొదటిది. తెర మీద ఎస్‌పీఓ2 అని శాతం గుర్తుతో కనిపిస్తుంది. అందరూ శాచురేషన్ అనేది దీన్నే. రెండోది నాడి, అంటే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందన్నది. దాని దగ్గర పీఆర్ అనో బీపీఎం అనో ఉంటుంది. కొన్నిటిలో పీఐ అని మూడో అంకె కూడా వస్తుంది. దాని సంగతి కింద చెబుతాను.

బీపీని ఇది కొలవదు. మనిషి ఎంత కష్టపడి ఊపిరి తీస్తున్నాడో దీనికి తెలియదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందా లేదా అన్నది అసలే చెప్పలేదు.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఎదుటివాళ్ల వేలికి పెట్టి మనవైపు నుంచి చూస్తే తెర తలకిందులుగా ఉంటుంది. అలా చూస్తే 98 కాస్తా 86లా కనిపిస్తుంది. 86 ఉన్న మనిషిది 98లా కనిపిస్తుంది, ఇది మరీ ప్రమాదం. చాలా పరికరాల్లో బటన్ ఇంకోసారి నొక్కితే తెర తిరుగుతుంది. శాతం గుర్తు ఎటు ఉందో చూసుకుని చదవండి. నాడి 88 ఉంటే దాన్నే శాచురేషన్ అనుకుని గుండెలు బాదుకునేవాళ్లూ తక్కువేం కాదు.

సూది గుచ్చకుండా రక్తంలో ఆక్సిజన్ ఎలా తెలుస్తుంది?

క్లిప్పు తెరిచి ఆన్ చేస్తే లోపల ఒక వైపు ఎర్రటి చుక్క వెలుగుతుంది. దాని పక్కనే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపం కూడా ఉంటుంది. ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 660 నానోమీటర్లు, రెండోదానిది సుమారు 940. ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని చాలావరకు వదిలేసి ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. వేలికి అవతలి వైపు ఉన్న సెన్సర్ ఏ కాంతి ఎంత దాటి వచ్చిందో చూస్తుంది.

అయితే చర్మం, ఎముక, గోరు, సిరల్లోని రక్తం కూడా కాంతిని అడ్డుకుంటాయి కదా, వాటిని ఎలా వేరు చేస్తుంది? గుండె కొట్టుకున్న ప్రతిసారీ ధమనుల్లోకి రక్తం ఉప్పొంగి, దాటే కాంతి రవ్వంత తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. చర్మం, ఎముక మారవు. మారుతున్నంత భాగం ధమనిది. జపాన్‌లో నిహాన్ కోడెన్ సంస్థ ఇంజినీరు టకువో అయోయగికి 1970ల మొదట్లో తట్టిన ఆలోచన ఇదే. గుండె ఎంత రక్తం పంపుతోందో చెవి దగ్గర రంగు ద్రవంతో కొలవబోతే నాడి తరంగాలు అడ్డొచ్చాయి. వాటిని వదిలించుకునే ప్రయత్నంలో, ఆ తరంగాల్లోనే ఆక్సిజన్ లెక్క ఉందని ఆయన పసిగట్టారు. 1974లో దాన్ని వెల్లడించారు. ఈ పరికరం కోసం ప్రపంచమంతా వెతికిన 2020లోనే ఆయన కన్నుమూశారు.

ఈ వివరం ఎందుకు చెప్పానంటే, దీన్నుంచి వాడకానికి సంబంధించిన రెండు విషయాలు తెలుస్తాయి. వేలిలో నాడి బలంగా కొట్టుకోకపోతే పరికరానికి లెక్కే దొరకదు. పైగా తెర మీద వచ్చేది అంచనా. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలి ఇచ్చి, వాళ్ల ధమని రక్తం తీసి పరీక్షించి, దానితో సరిపోల్చి తయారుచేసిన పట్టిక ప్రకారం అంకె వస్తుంది. 70 కంటే కిందికి వలంటీర్లను తీసుకెళ్లరు కాబట్టి అక్కడి అంకెలు మరీ నమ్మదగ్గవి కావు.

ఎంత ఉంటే మామూలు?

ఊపిరితిత్తుల జబ్బేమీ లేని పెద్దవాళ్లలో 95 నుంచి 100. 93, 94 వస్తే మళ్లీ సరిగ్గా చూసుకుని, అలాగే ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి. 92 గానీ అంతకంటే తక్కువ గానీ నిలకడగా చూపిస్తుంటే, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 90 కంటే తగ్గితే అత్యవసరం.

90 దగ్గర ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల (పాదరసం) నుంచి 60కి పడిపోయినా శాచురేషన్ 97, 98 నుంచి 90కే దిగుతుంది. అంటే అంకె మెల్లగా దిగుతున్నప్పుడే లోపల చాలా నష్టం జరిగి ఉంటుంది. 60 దాటి కిందికి వెళ్తే పీడనం కాస్త తగ్గినా శాచురేషన్ జర్రున జారిపోతుంది. పొద్దున 91 ఉన్నది మధ్యాహ్నానికి 80 కావడానికి కారణం ఇదే.

ఒంట్లో బాగున్న రోజుల్లోనే ఇంట్లో అందరివీ ఒకసారి చూసి రాసిపెట్టుకోమని నేను గట్టిగా చెబుతాను. ఎప్పుడూ 99 ఉండే మనిషికి 95 రావడం, ఎప్పుడూ 95 ఉండే మనిషికి 95 రావడం ఒకటి కాదు.

మా నాన్నగారికి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు). ఎప్పుడు చూసినా 90, 91. ఆక్సిజన్ పెంచమంటారా?

మీ అంతట మీరు పెంచకండి. సీఓపీడీ ఉన్న చాలామందికి డాక్టర్లు పెట్టుకునే లక్ష్యమే 88 నుంచి 92. వాళ్ల శరీరం అందుకు అలవాటుపడి ఉంటుంది. ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అప్పుడు తెర మీద 98 మెరుస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం మగతలోకి జారుకుంటాడు. పొద్దున లేవగానే తలనొప్పి, మాట తడబడటం, చేతులు చాచి పెడితే మణికట్టు దగ్గర తపతపా ఊగడం, పగలంతా జోగుతూ ఉండటం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే అంకె ఎంతున్నా ఆసుపత్రికే.

మీ నాన్నగారి హద్దు ఎంతో డాక్టర్‌ని అడిగి, ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చే యంత్రం, కాన్సన్‌ట్రేటర్‌కే ఒక కాగితం అంటించండి. ఎంత కంటే తగ్గితే ఫోన్ చేయాలి, ఎంత కంటే పెరిగితే ఫ్లో తగ్గించాలి, రెండూ అడగండి. రెండోది అడగడం చాలామంది మరిచిపోతారు.

సరిగ్గా ఎలా పెట్టుకోవాలి?

మెట్లెక్కి వచ్చి, స్నానం చేసి వచ్చి, దగ్గు తెర వచ్చిన వెంటనే చూడకండి. అయిదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోండి. చేతులు చల్లగా ఉంటే రుద్దుకోండి, లేదా గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి తుడుచుకోండి. చెయ్యి బల్ల మీదో, గుండెకు ఆనించో కదలకుండా పెట్టండి. గాలిలో పట్టుకుంటే వణుకుతుంది.

చూపుడు వేలు గానీ మధ్య వేలు గానీ మంచిది. గోరు పైకి ఉండేలా, వేలి కొన లోపలి అంచుకు తగిలేలా పూర్తిగా దూర్చండి. సగం పెడితే కాంతి వేలి పక్కనుంచి జారి అంకె తప్పుతుంది. ఎండ పడుతున్న కిటికీ పక్కన కూర్చుంటే పైన ఒక బట్ట కప్పండి. అదే చేతికి బీపీ పట్టీ బిగించి ఉంటే, పట్టీ ఉబ్బినప్పుడు వేలికి రక్తం ఆగిపోయి అంకె మాయమవుతుంది. బీపీ ఒక చేతికి, ఆక్సీమీటర్ ఇంకో చేతికి పెట్టుకోండి.

ఊపిరి మామూలుగానే తీయండి. మంచి అంకె రావాలని గట్టిగా నాలుగుసార్లు పీల్చి వదిలితే నిజంగానే ఒకటి రెండు పెరుగుతుంది. ఆ పెరిగింది కాసేపటికే పోతుంది. మనకు కావలసింది మనిషి మామూలుగా ఉన్నప్పటి అంకె.

పెట్టగానే 89, తర్వాత 94, తర్వాత 96. ఏది రాసుకోవాలి?

మొదటి కొన్ని సెకన్ల అంకెలు పట్టించుకోకండి. కనీసం ఒక నిమిషం ఉంచండి. అయిదు సెకన్ల పాటు మారకుండా నిలబడిన అంకెను రాసుకోండి. అలాంటివి ఒకటి కంటే ఎక్కువ ఉంటే వాటిలో పెద్దది తీసుకోండి.

మీ పరికరంలో అల లాంటి గీత వస్తుంటే ముందు దాన్ని చూడండి. ప్రతి నాడికీ ఒక అల లేచి, దిగి, మళ్లీ అంతే ఎత్తుకు లేస్తుంటే పక్కనున్న అంకెను నమ్మొచ్చు. అల గజిబిజిగా ఎగిరిపడుతున్నా, దాదాపు చదునుగా ఉన్నా అంకె ఎంతైనా లెక్కలోకి తీసుకోకండి. గీత లేకపోతే పైకీ కిందికీ కదిలే చుక్కల పట్టీ ఉంటుంది, దాని లయ కూడా ఇలాగే చూడాలి. పీఐ అనేది వేలిలో నాడి ఎంత బలంగా ఉందో చెప్పే అంకె. అది బాగా తక్కువగా, 0.3, 0.4 అలా ఉంటే వేలు వెచ్చబెట్టి మళ్లీ చూడండి. పీఐ ఒక్కో మనిషికి, ఒక్కో వేలికి మారుతుంది. దాన్ని జబ్బుకు కొలతగా తీసుకోకండి.

ఇంకో సంగతి. వేలి దగ్గరికి మార్పు చేరడానికి సమయం పడుతుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తగ్గిన అర నిమిషానికి గానీ వేలి దగ్గర అది బయటపడకపోవచ్చు. చేతులు చల్లబడి ఉంటే ఇంకా ఆలస్యం. ఆక్సిజన్ పెట్టిన మరుక్షణం అంకె పెరగలేదని గాబరాపడకండి.

ఒక వేలికి 97, ఇంకో వేలికి 94. పరికరం పాడైందా?

పాడవ్వాల్సిన పని లేదు. పరికరంతో వచ్చే కాగితంలో 2 శాతం లేదా 3 శాతం అటూఇటూ అని రాసి ఉంటుంది. దాని అర్థం, దాదాపు మూడింట రెండు వంతుల రీడింగులు అసలు విలువకు అంత దగ్గరలో ఉంటాయని. మిగిలినవి ఇంకాస్త దూరం పోవచ్చు. కాబట్టి 94 అంటే 91 కావచ్చు, 97 కావచ్చు.

అందుకే ఒక్క అంకెకు అంత విలువ ఇవ్వకండి. ఒకే పరికరం, ఒకే చెయ్యి, ఒకే వేలు, ఒకేలా కూర్చుని తీసిన అంకెలు వరసగా రాసుకుంటే వచ్చే పోకడకు విలువ ఎక్కువ. 97, 96, 95, 93 అని రెండు రోజుల్లో దిగుతూ వస్తుంటే, వాటిలో ఏ ఒక్కటీ భయపెట్టకపోయినా ఆ దిగడమే డాక్టర్‌కు చెప్పాల్సిన వార్త.

గోళ్లకు రంగు ఉంటే తీసేయాలా?

తీసేయడమే మంచిది. నలుపు, నీలం, ఆకుపచ్చ వంటి ముదురు రంగులు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అతికించుకున్న గోళ్లు, మందంగా పూసే జెల్ కూడా అంతే. అప్పటికప్పుడు తీసే వీలు లేకపోతే క్లిప్పును వేలికి అడ్డంగా, పక్కల నుంచి పట్టేలా పెట్టి చూడండి.

చర్మం రంగును బట్టి అంకె మారుతుందా?

మారుతుంది. ఇది మనలాంటి చర్మం రంగు ఉన్నవాళ్లందరూ తెలుసుకోవాల్సిన విషయం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. నల్లని చర్మం ఉన్నవాళ్లలో పరికరం అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంటుంది. ఈ సంగతి వైద్య పత్రికల్లో 1990లోనే వచ్చినా పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంతో అందరి దృష్టీ అటు మళ్లింది. పరికరం 92 నుంచి 96 మధ్య చూపిస్తుండగా, ధమని రక్తం పరీక్షలో 88 కంటే తక్కువ తేలినవాళ్లు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతమైతే, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. 2021 ఫిబ్రవరిలో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరిమితుల గురించి ప్రజలను హెచ్చరించింది.

దీన్నిబట్టి నేను చెప్పేది ఒకటే. చర్మం ముదురు రంగులో ఉన్న మనిషికి 93, 94 వస్తే ఇంకా హద్దు దాటలేదు కదా అని ఊరుకోకండి. లక్షణాలు ఉంటే ముందే కదలండి. నాలుక, పెదాల లోపలి వైపు, చిగుళ్లు నీలంగా మారాయేమో వెలుతురులో చూడండి. ముదురు చర్మం మీద నీలం తేలిగ్గా తెలియదు, అక్కడైతే తెలుస్తుంది.

అమ్మకు ఆయాసంగా ఉంది, కానీ అంకె 97. ఆసుపత్రికి వెళ్లాలా?

వెళ్లాలి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

శరీరం చాలాసేపు అంకెను కాపాడుకుంటుంది. ఊపిరి వేగం పెంచి, మెడ కండరాలు వాడి, గుండెను పరుగెత్తించి 97ను నిలబెడుతుంది. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మంచానికి ఆనించి ముందుకు వంగి, మెడ దగ్గర గుంటలు పడేలా ఊపిరి లాగుతున్న మనిషిని ఊహించుకోండి. "మంచి" అన్నాక ఒక శ్వాస, "నీళ్లు" అన్నాక ఒక శ్వాస, "ఇవ్వు" అన్నాక ఇంకో శ్వాస. ఆ వేలికి క్లిప్పు పెడితే 96 రావచ్చు. ఆ 96 కోసం ఆ శరీరం ఎంత కష్టపడుతోందో తెర మీద రాదు. అలసిపోయినప్పుడు అంకె ఒక్కసారిగా పడుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. ఆస్తమా ఎక్కువైనప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

గుండెపోటుకు కూడా శాచురేషన్ మామూలుగా ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడినా మొదట్లో మామూలుగా ఉండొచ్చు. కాబట్టి ఆయాసంతో పూర్తి వాక్యం మాట్లాడలేకపోవడం, ఛాతీలో నొప్పి లేదా బరువు, పెదాలు నీలంగా మారడం, చల్లని చెమటలు, అయోమయం, లేపితే సరిగ్గా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా అంబులెన్స్ పిలవండి. ఆక్సీమీటర్ కోసం వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోకండి.

ఇంట్లో చేయగలిగిన మంచి పని ఇంకొకటి ఉంది, శ్వాసలు లెక్కపెట్టడం. మనిషికి తెలియకుండా, ఛాతీ గానీ పొట్ట గానీ లేవడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఊరికే కూర్చున్న పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు. 24 దాటితే డాక్టర్‌తో మాట్లాడాలి, 30 దగ్గరికి వస్తే అత్యవసరం.

దీనికి వ్యతిరేకం: అంకె 87, మనిషి హాయిగా కబుర్లు చెబుతున్నాడు?

ముందు వేలు, పొజిషన్, అల, నాడి చూడండి. తెర మీది నాడి అంకె, మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన నాడి ఒక్కలాగే ఉన్నాయో లేదో సరిచూడండి. వేరువేరుగా ఉంటే పరికరం తప్పుగా పట్టుకుంటోంది. చేతులు వెచ్చబెట్టి, వేలు మార్చి, వీలైతే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల వేలికి పెట్టి చూడండి. వాళ్లకు 98 వచ్చి ఈయనకు మాత్రం మళ్లీ మళ్లీ 87 వస్తుంటే నమ్మండి. కోవిడ్ రోజుల్లో ఆయాసమే తెలియకుండా శాచురేషన్ పడిపోయినవాళ్లు ఎందరో ఆసుపత్రులకు చేరారు. నిమోనియాలో అలా జరగొచ్చు. మనిషి బాగానే ఉన్నాడన్న ధీమాతో ఇంట్లో ఉంచకండి.

రక్తహీనత ఉంటే ఇందులో తెలుస్తుందా?

తెలియదు. బస్సుల్లో ఎన్ని శాతం సీట్లు నిండాయో ఇది చెబుతుంది, అసలు ఎన్ని బస్సులున్నాయో చెప్పదు. హిమోగ్లోబిన్ 6 గ్రాములే ఉన్నా, ఉన్న ఆ కాస్తా ఆక్సిజన్‌తో నిండి ఉంటే 99 చూపిస్తుంది.

ఇది పూర్తిగా మోసపోయే సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. అన్నిటికంటే భయంకరమైనది కార్బన్ మోనాక్సైడ్. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గులు రాజేసినా, జనరేటర్ పొగ లోపలికి వచ్చినా, మంటల్లో చిక్కుకున్నా ఆ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్రమిస్తుంది. అలాంటి హిమోగ్లోబిన్ పరికరం కంటికి ఆక్సిజన్ ఎక్కినదానిలాగే కనిపిస్తుంది. మనిషి స్పృహ తప్పుతున్నా తెర మీద 99 ఉంటుంది. తలనొప్పి, వాంతి, మైకం ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అంకె చూడకుండా బయటి గాలిలోకి తీసుకెళ్లి అంబులెన్స్ పిలవండి. పొగ తాగేవాళ్లలో కూడా ఈ వాయువు వల్ల అంకె కొద్దిగా ఎక్కువ చూపిస్తుంది.

కొన్ని మందులు, రసాయనాల వల్ల హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారితే, అది ఎక్కువయ్యే కొద్దీ పరికరం 85 దగ్గరే ఆగిపోతుంది. బీపీ బాగా పడిపోయినా, చలికి వేళ్లు తెల్లబడే రేనాడ్స్ సమస్య ఉన్నా సరైన అంకె దొరకడం కష్టం.

ఆరు నిమిషాల నడక పరీక్ష ఎవరు చేయొచ్చు?

జ్వరం, దగ్గు ఉండి, కూర్చున్నప్పుడు అంకె 95 పైన ఉండి, ఆయాసం లేనివాళ్లు చేయొచ్చు. క్లిప్పు పెట్టుకుని సమతలంగా ఉన్న నేల మీద మామూలుగా ఆరు నిమిషాలు నడవాలి. అరవై దాటినవాళ్లకు మూడు నిమిషాలు చాలు. పక్కన ఒకరు ఉండాలి. నడక అయ్యాక అంకె 3 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గినా, 93 కంటే కిందికి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపి డాక్టర్‌కు చెప్పండి. నడుస్తూ చెయ్యి ఊపితే అంకె ఎలాగూ తప్పుతుంది. ఆగి, చెయ్యి కదలకుండా పెట్టి చదవండి. ఆస్తమా ఎక్కువగా ఉన్నప్పుడు, ఛాతీ నొప్పి ఉన్నప్పుడు, కూర్చున్నప్పుడే తక్కువగా ఉన్నప్పుడు ఈ పరీక్ష వద్దే వద్దు.

రాత్రి నిద్రలో పెట్టి చూడొచ్చా?

నిద్రలో ఒకటి రెండు శాతం తగ్గడం సహజమే. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకునేవాళ్లలో అంకె పడుతూ లేస్తూ ఉంటుంది. కానీ అప్పుడప్పుడూ నిద్ర లేచి చూసే అంకెతో స్లీప్ ఆప్నియా ఉందనీ తేలదు, లేదనీ తేలదు. దానికి రాత్రంతా నమోదు చేసే పరీక్ష ఉంది, డాక్టర్‌ని అడగండి.

చంటిపిల్లలకు ఇదే వాడొచ్చా?

వద్దు. పెద్దవాళ్ల క్లిప్పులో పసిపిల్లల వేలు నిలవదు. వాళ్లకు పాదానికి చుట్టే ప్రత్యేకమైన సెన్సర్లు ఉంటాయి. కాస్త పెద్ద పిల్లలకు పిల్లల సైజు క్లిప్పు దొరుకుతుంది.

పిల్లల విషయంలో అంకె కంటే మీ కళ్లే నమ్మకమైనవి. చొక్కా తీసి చూడండి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరేస్తోందా, ఛాతీ కింది భాగం లోపలికి లాక్కుపోతోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, మూలుగుతోందా, పాలు తాగలేకపోతోందా గమనించండి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్టు లెక్క. ఆలస్యం చేయకుండా చూపించండి.

నాడి అంకెను కూడా పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. విశ్రాంతిలో 60 నుంచి 100 మామూలు. జ్వరంలో పెరగడం సహజం. జ్వరం తగ్గాక కూడా 120 దగ్గరే ఉండిపోతే చెప్పాల్సిందే. కదలకుండా కూర్చున్నా 70, 110, 85 అని గంతులేస్తుంటే గుండె లయ తప్పి ఉండొచ్చు. అప్పుడు కొన్ని నాడులు వేలి దాకా చేరకపోవడంతో పరికరం తక్కువ లెక్కిస్తుంది. ఈసీజీ తీయించాలి.

చేతి వాచీ, ఫోన్ యాప్ సరిపోవా?

ఫోన్ కెమెరా మీద వేలు పెట్టి ఆక్సిజన్ చెబుతామనే యాప్‌లను జబ్బు సమయంలో నమ్మకండి. వాచీలు కాంతిని వేలి గుండా పంపకుండా, మణికట్టు చర్మం నుంచి వెనక్కి వచ్చే కాంతిని చూస్తాయి. కదలిక, పట్టీ వదులుగా ఉండటం వాటిని తేలిగ్గా తప్పుదోవ పట్టిస్తాయి. చాలావాటి సూచనల్లోనే వైద్య అవసరాలకు కాదని రాసి ఉంటుంది.

పెన్ను పెట్టినా అంకె చూపిస్తే నకిలీదేనా?

పెన్నుతో తేల్చుకోవద్దు. కాంతి కొద్దిగా దాటే వస్తువును చేత్తో పట్టుకుంటే, ఆ చేతి కదలికనే మంచి పరికరం కూడా నాడి అనుకోవచ్చు. మీ వేలితోనే పరీక్షించండి. నాడి అంకె మణికట్టు దగ్గరి లెక్కతో కలవాలి. కాసేపు గుంజిళ్లు తీసి చూస్తే నాడి పెరగాలి, కూర్చుంటే మెల్లగా తగ్గాలి. ఎవరికి పెట్టినా, ఎలా పెట్టినా 98 మీదే నిలబడే పరికరం పనికిరాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీది తీసుకెళ్లి, వాళ్ల పరికరంతో పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికంటే మంచి పరీక్ష.

విమానంలో, ఎత్తయిన కొండల మీద తగ్గుతుందా?

తగ్గుతుంది. విమానం లోపలి గాలి సుమారు 2400 మీటర్ల ఎత్తులో ఉన్నంత పలచగా ఉండొచ్చు. ఆరోగ్యవంతులకే 90ల మొదట్లోకి దిగుతుంది. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగాలి. కొండ మీద అంకె ఎంతున్నా తలనొప్పి, వాంతి, తూలుడు మొదలైతే కిందికి దిగిపోవాలి.

రోజుకు ఎన్నిసార్లు చూడాలి?

జబ్బు లేనప్పుడు రోజూ చూడక్కర్లేదు. జ్వరం, దగ్గు ఉన్నప్పుడు రోజుకు రెండు మూడుసార్లు, ఇంకా ఏదైనా తేడాగా అనిపిస్తే అప్పుడూ చూడండి. అయిదు నిమిషాలకోసారి చూస్తే 97, 96, 98 అని సహజంగా ఊగే అంకెకే గుండె దడ పుడుతుంది. ఆ దడకు ఊపిరి బిగిసి మళ్లీ చూడాలనిపిస్తుంది. ఇలా ఇబ్బంది పడేవాళ్ల దగ్గర పరికరం ఉంచకుండా, ఇంట్లో ఇంకొకరు వేళకు చూసి రాసిపెట్టడం మంచిది.

శుభ్రం ఎలా చేయాలి?

స్పిరిట్‌తో తడిపిన దూదితో లోపలి రబ్బరు, ఆ రెండు గాజు చుక్కలు తుడిచి ఆరనివ్వండి. నీళ్లలో ముంచకండి. వాడనప్పుడు బ్యాటరీలు తీసేయండి. బ్యాటరీ తగ్గిన గుర్తు కనిపిస్తే అప్పుడు వచ్చిన అంకెను లెక్కలోకి తీసుకోకండి.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

"ఆక్సిజన్ 93 అండీ" అని ఒక్క ముక్క చెబితే డాక్టర్ మళ్లీ పది ప్రశ్నలు అడగాలి. వయసు, ఉన్న జబ్బులు, బాగున్న రోజుల్లో ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత, ఎప్పటినుంచి దిగుతోంది, నాడి ఎంత, నిమిషానికి శ్వాసలు ఎన్ని, పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా, అంకె చూసినప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నారా, ఉంటే ఎన్ని లీటర్లు, ఇవి ఒక కాగితం మీద రాసుకుని ఫోన్ తీయండి. రోగి పక్కనే ఉండి ఫోన్ చేయండి, ఆయాసం ఎలా ఉందో డాక్టర్ ఆ శ్వాస చప్పుడు వినైనా కొంత అంచనా వేస్తారు.